మున్సిపాలిటీలో ఇంటి పర్మిషన్: ఏ దారిలో వెళ్లాలి, ఎన్ని అంతస్తులకు తీసుకోవాలి

తెలంగాణలో ఏ చిన్న మున్సిపాలిటీలో చూసినా ఇల్లు కట్టబోయేవాళ్లు ముందు అడిగేది పర్మిషన్ ఎన్ని రోజుల్లో చేతికొస్తుందనే. 2020 దాకా అది నిజంగానే పెద్ద ప్రశ్న, ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కోవడానికే సగం ఓపిక అయిపోయేది. ఆ ఏడాది నవంబర్ 16న టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ వ్యవస్థ మొదలయ్యాక మామూలు ఇంటికి పర్మిషన్ కాగితం అప్పటికప్పుడు వచ్చేస్తోంది. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది, పేరు మారింది, స్క్రీన్లు మారాయి. ఇంటి యజమానికి మాత్రం అసలు సంగతి అదే. మీ ప్లాటు ఎంత, మీ ఇల్లు ఎంత ఎత్తు అన్నదాన్ని బట్టి మూడు దారులు, వాటిలో మొదటి రెండింట్లో ఆఫీసు ముందుగా వచ్చి ఏమీ చూడదు, మీరు రాసిచ్చింది నమ్మి కాగితం ఇస్తుంది. నమ్మి ఇచ్చింది కాబట్టి రాసిచ్చిన దాంట్లో తప్పు తేలితే మోయాల్సింది మీరే.

అందుకే దారి ఎంచుకునేటప్పుడు నేను రోజుల లెక్క చూడను. రేపు లోన్ ఇచ్చే బ్యాంకు లాయరు, ఎప్పుడో ఒకప్పుడు కొనడానికి వచ్చేవాడు, పక్కింటాయన ఫిర్యాదు పెడితే టేపు పట్టుకుని వచ్చే టౌన్ ప్లానింగ్ అధికారి, ఈ ముగ్గురి ముందూ నిలబడే కాగితం ఏదో చూస్తాను.

మూడు దారులు, క్లుప్తంగా

మొదటిది 75 గజాల లోపు ప్లాటు, అంటే దాదాపు 63 చదరపు మీటర్లు, అందులో 7 మీటర్ల ఎత్తు దాటని ఇల్లు. గ్రౌండ్ ఫ్లోర్ గానీ, జీ ప్లస్ వన్ గానీ, అంటే దాని పైన ఇంకో అంతస్తు. దీనికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఇంటి పన్ను కూడా ఏడాదికి 100 రూపాయలే. రెండోది 75 నుంచి 600 గజాల లోపు, అంటే 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టే ఇల్లు. ఇది సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద, అంటే మీరు రాసిచ్చిన హామీ మీద వచ్చే ఇన్‌స్టంట్ అప్రూవల్. చిన్న పట్టణాల్లో కట్టే ఇళ్లలో ఎక్కువ భాగం ఈ కోవలోకే వస్తాయి. ప్లాటు 600 గజాలు దాటినా, ఎత్తు 10 మీటర్లు దాటినా మూడోది, సింగిల్ విండో. అన్ని శాఖల పరిశీలన అయ్యాక 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క.

ఇందులో మనం ఎంచుకునేది ఏముంది, ప్లాటు ఎంత ఉంటే ఆ దారే కదా అంటారు. సగం నిజం. ప్లాటు మన చేతిలో లేదు గానీ ఎత్తు ఉంది, ఎన్ని అంతస్తులకు ఇప్పుడే తీసుకోవాలన్నది ఉంది, ప్లాటు మీద పాత బకాయిలు ఎప్పుడు తీర్చాలన్నది ఉంది, ఎవరి చేత దరఖాస్తు పెట్టించాలన్నది ఉంది. డబ్బు తేడా అంతా వచ్చేది ఇక్కడే.

75 గజాల దారి గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. నిజంగా అంత చిన్న ప్లాటు ఉన్నవాళ్లకు ఇంతకంటే సుఖమైన పని లేదు, ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. ఇంట్లో ఉన్న 150 గజాలను కాగితం మీద రెండు ముక్కలు చేసి, చెరో ముక్కకు రూపాయి కట్టేద్దామనుకునేవాళ్లు మాత్రం ఆగాలి. ప్లాటును విడగొట్టడానికి అదే విడిగా ఒక అనుమతి కావాలి, అది లేకుండా చీల్చిన ముక్క బ్యాంకు లాయరు దగ్గర మొదటి పేజీలోనే దొరికిపోతుంది. పైగా ఆ రూపాయి కాగితం రిజిస్ట్రేషనే తప్ప మంజూరైన ప్లాన్ కాదు. లోన్ మీద కట్టేవాళ్లు ఆ బ్రాంచికి వెళ్లి ఇది సరిపోతుందా అని ముందే అడిగి తెలుసుకోవాలి.

7 మీటర్లా, 10 మీటర్లా

ఇది చాలామంది ఆలోచించకుండా దాటేసే ఎంపిక. నాకు మాత్రం అన్నిటికంటే పెద్దది ఇదే.

రెండు అంతస్తులు చాలు అనుకున్న ఇంటివాళ్లకు కూడా మేస్త్రీయో బావమరిదో ఒక సలహా ఇస్తాడు. ఎలాగూ 10 మీటర్ల దాకా ఇన్‌స్టంటే కదా, జీ ప్లస్ టూకి పెట్టేయండి, పైది అద్దెకిచ్చుకోవచ్చు అని. పర్మిషన్ దారి మారదు, నిజమే. మారేది సెట్‌బ్యాక్, అంటే ప్లాటు హద్దుకూ ఇంటి గోడకూ మధ్య ఖాళీగా వదలాల్సిన జాగా. 2012 నాటి జీవో 168లో ప్లాటు సైజుకూ ఎత్తుకూ కలిపి సెట్‌బ్యాక్‌ల పట్టిక ఉంది. ప్లాటు 200 నుంచి 300 చదరపు మీటర్ల మధ్య ఉంటే, అంటే సుమారు 240 నుంచి 360 గజాలు, 7 మీటర్ల ఇంటికి పక్కలా వెనకా 1 మీటరు వదిలితే సరిపోతుంది. అదే 10 మీటర్లకు వెళితే మూడు వైపులా మీటరున్నర. ముందు వైపు 12 మీటర్ల లోపు రోడ్డుకు రెండింటికీ 2 మీటర్లే.

అర మీటరేగా అనిపిస్తుంది. 30 అడుగుల వెడల్పు, 80 అడుగుల పొడవున్న ప్లాటు తీసుకుని లెక్క వేద్దాం, 266 గజాల చిల్లర వస్తుంది, మన పట్టణాల్లో మామూలుగా ఉండే సైజే. 7 మీటర్లయితే కట్టుకోగలిగే వెడల్పు 23 అడుగుల పైచిలుకు, పొడవు 70 అడుగులు, అంతస్తుకు దాదాపు 1,640 చదరపు అడుగులు, రెండు అంతస్తులకు 3,290 దాకా. 10 మీటర్లయితే వెడల్పు 20 అడుగులకు పడిపోతుంది, పొడవు 68 అడుగుల పైన, అంతస్తుకు 1,380, మూడింటికి 4,140 దాకా. అంటే ఒక అంతస్తు మొత్తం అదనంగా వేస్తే మీకు కలిసొచ్చేది 1,640 కాదు, 850 చదరపు అడుగులు. ఆ 850 కోసం మూడో శ్లాబు, దానికి తగ్గట్టు పునాదులు, కాలమ్స్, పైదాకా మెట్లు, నీళ్ల లైను. కింద మీరుండే ఇంట్లో ప్రతి గది నుంచీ వెడల్పు పోతుంది, 23 అడుగుల్లో పక్కపక్కనే రెండు బెడ్‌రూములు బాగా పడతాయి, 20లో గోడల మందం తీసేస్తే ఇరుకే.

అద్దె వచ్చే ఏరియా అయితే, కాలేజీకో కలెక్టరేట్‌కో దగ్గరగా ఉంటే, ఆ 850కీ ఓ అర్థం ఉంది. విడిగా ఒక పోర్షన్ వస్తుంది కాబట్టి. ఊరి చివర కాలనీలో సొంతానికి కట్టుకునేవాళ్లకు 7 మీటర్లే మేలు, నన్నడిగితే. ప్లాటు 240 గజాల లోపు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, 100 నుంచి 200 చదరపు మీటర్ల కోవలో 10 మీటర్ల దాకా ఒకే సెట్‌బ్యాక్, పక్కలా వెనకా 1 మీటరు, ముందు మీటరున్నర. వాళ్లు జీ ప్లస్ టూ వేసినా కింద అంతస్తు ఏమీ తగ్గదు. 200 గజాల ప్లాటాయనకు పనికొచ్చిన సలహా 270 గజాల ప్లాటాయనకు ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసింది కదా, పక్కవీధి వాళ్ల ప్లాన్ జిరాక్స్ తెచ్చుకోవద్దని చెప్పేది ఇందుకే.

జనం చేసే మూడో పని ఒకటుంది. 7 మీటర్లకు తీసుకుని, 1 మీటరు సెట్‌బ్యాక్‌తో కట్టి, ఆ తర్వాత నెమ్మదిగా పైన ఇంకో శ్లాబు. రెండు వైపులా లాభమే అనిపిస్తుంది. ఆ మూడో అంతస్తు ఏ ప్లాన్‌లోనూ ఉండదు, దానికి తర్వాత పర్మిషన్ అడిగినా కింద వదిలిన మీటరు సరిపోదు కాబట్టి రాదు. గోడలు జరపలేం కదా. సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇచ్చిన ప్లాన్‌కు విరుద్ధంగా కడితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం చట్టంలోనే ఉంది, ఆ షరతుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది మనమే.

అన్నట్టు మెట్లు. సెట్‌బ్యాక్‌లో బయటి మెట్లు పెట్టడం చిన్న పట్టణాల్లో ఎంత మామూలైపోయిందంటే అది ఉల్లంఘన అని చెబితే నవ్వుతారు. వాస్తు ప్రకారం మెట్లు ఫలానా మూలకే రావాలని పట్టుబట్టేవాళ్లు ఆ మూలను ఇంటి కొలతల్లోపలే చూసుకోవాలి, కాంపౌండ్ గోడకూ ఇంటికీ మధ్య కాదు. ప్లాన్ గీయించే రోజునే వాస్తు చెప్పే ఆయన్నీ ఇంజనీరునూ ఒకచోట కూర్చోబెడితే సగం గొడవ తగ్గిపోతుంది.

మొత్తానికి ఇప్పుడే తీసుకోవాలా, కట్టినంతకే తీసుకోవాలా

డబ్బు చేతిలో ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్‌కే, పైది పిల్లల పెళ్లిళ్లయ్యాక. ఇలాంటివాళ్లు చాలామంది. రెండు దారులు వీళ్లకు.

ఒకటి, జీ ప్లస్ వన్‌కు ఇప్పుడే తీసుకుని కింద మాత్రం కట్టుకోవడం. ఫీజు మొత్తం విస్తీర్ణం మీద పడుతుంది కాబట్టి కట్టని అంతస్తుకు కూడా ఇప్పుడే చెల్లిస్తారు. బదులుగా రేపు నియమాలు మారినా, చార్జీలు పెరిగినా మీకు ఇబ్బంది లేదు. కానీ గడువుంది. 10 మీటర్ల లోపు ఇళ్లకు మంజూరైన ప్లాన్ 3 సంవత్సరాలు నడుస్తుంది, అదీ 18 నెలల లోపు పని మొదలుపెడితే. కాబట్టి పై అంతస్తు మూడేళ్ల లోపు వేసే ఉద్దేశం ఉంటే ఇది సరైన దారి. ఎనిమిదేళ్ల తర్వాత సంగతైతే ఆ ఫీజు వృథా.

రెండోది, గ్రౌండ్‌కే తీసుకుని, పైది కట్టే నాటికి మళ్లీ తీసుకోవడం. ఇందులో చిక్కు ఫీజుతో కాదు, పునాదులతో. ఇప్పుడే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రెండో అంతస్తు బరువుకు కూడా డిజైన్ చేయించి, ఆ డ్రాయింగు కాగితాలు బీరువాలో పెట్టుకోవాలి. సెట్‌బ్యాక్ కూడా రేపటి ఎత్తుకు తగ్గట్టు ఇప్పుడే వదలాలి, 240 గజాలు దాటిన ప్లాటులో ఎప్పటికైనా జీ ప్లస్ టూ అనుకుంటే మీటరున్నర ఈ రోజే వదలాల్సిందే. ఇవి రెండూ చేసిన ఇంటికి తర్వాత పర్మిషన్ తీసుకోవడం తేలికే, చేయని ఇంటికి పైన రేకుల షెడ్డే గతి.

లోన్ కోణం కూడా ఉంది. బ్యాంకు డబ్బు విడుదల చేసేది మంజూరైన ప్లాన్‌లో ఉన్నదానికే, కట్టిన మేరకే. జీ ప్లస్ వన్ ప్లాన్ చూపించి గ్రౌండ్‌తో ఆపేస్తే చివరి విడత దగ్గర బ్యాంకు ఇంజనీరు ఇల్లు పూర్తి కాలేదని రాసే అవకాశం ఉంది. ముందే మేనేజర్‌తో మాట్లాడుకోవడం నయం. బడ్జెట్ వేసేవాళ్లు ఇంకోటి మర్చిపోతుంటారు. సొంతానికి కట్టుకునే ఇల్లే అయినా ఖర్చు పరిమితి దాటితే (2025 నవంబర్ దాకా 10 లక్షలు, కొత్త లేబర్ కోడ్‌లో 50 లక్షలు) లేబర్ సెస్ ఉంటుంది, పర్మిషన్ ఫీజు ఎంత అని అడిగినప్పుడు అది కలిపి చెప్పారో లేదో చూసుకోండి. కొన్ని ఇళ్లకు ప్లాటు సైజును, ఎత్తును బట్టి కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి మార్టిగేజ్, అంటే తాకట్టు, చేయాల్సి వస్తుంది, కట్టడం ప్లాన్ ప్రకారం పూర్తయిందని తేలాక విడుదల చేస్తారు. ఇది వినగానే టెన్షన్ పడేవాళ్లుంటారు గానీ ప్లాన్ ప్రకారం కట్టేవాళ్లకు దీంతో వచ్చే నష్టం ఏమీ లేదు.

ఎల్ఆర్ఎస్ ముందా, పర్మిషన్‌తో కలిపా

ప్లాటు అప్రూవ్డ్ లేఅవుట్‌లోది అయితే ఈ భాగం వదిలేయండి.

చిన్న పట్టణాల చుట్టూ ఉన్న వెంచర్లలో చాలావరకు ఏ అనుమతీ లేకుండా గుంటల లెక్కన, గజాల లెక్కన అమ్మేసినవే. వీటి కోసమే 2020 ఆగస్టు 31న జీవో 131తో ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం వచ్చింది, ఆ నెల 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకు. అప్పుడు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లు బోలెడు మంది, కోర్టు కేసులు, ఎన్నికలు అన్నీ మధ్యలో వచ్చాయి, 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక మళ్లీ కదలిక వచ్చింది.

ఎల్ఆర్ఎస్ లేని ప్లాటుకు పర్మిషన్ అసలు రాదనుకుంటారు కొందరు. వస్తుంది, కాకపోతే ఆ చార్జీలన్నీ పర్మిషన్ సమయంలో వసూలు చేస్తారు, లేఅవుట్‌లో వదలని ఖాళీ స్థలం కింద ప్లాటు విలువలో 14 శాతం, దాంతో పాటు అపరాధ రుసుము. ఏది మేలు? ఎల్ఆర్ఎస్ దరఖాస్తు ఇప్పటికే ఉన్నవాళ్లు దాన్నే ముందు పూర్తి చేసుకోవాలి, ఇందులో నాకు సందేహమే లేదు. ఆ పథకంలో ఖాళీ స్థలం చార్జీకి పాత విలువ పట్టుకుంటారు, పర్మిషన్ దగ్గరయితే ఇప్పటి విలువ, ఊరి చుట్టూ కొత్త బైపాస్ పడి రేట్లు పెరిగిన చోట ఈ తేడా చిన్నది కాదు. అసలు దరఖాస్తే పెట్టనివాళ్లకు పర్మిషన్‌తో కలిపి కట్టడమే మిగిలిన దారి. ఇంకో పథకం వస్తుందేమో చూద్దాం అని ఇల్లు ఆపుకుని కూర్చోవడం, సిమెంటు ధర ఎటు పోతుందో తెలిసినవాళ్లు చేసే పని కాదు.

కొనబోయేవాళ్లకైతే నా సలహా వేరు. ఎల్ఆర్ఎస్ లేని ప్లాటు చవగ్గా వస్తుందంటే ఆ 14 శాతం, రుసుము కూడా ధరలో కలిపి చూసుకుని అప్పుడు చవకో కాదో చెప్పండి.

ఎవరి చేత పెట్టించాలి

సొంతంగా ఫోన్ నంబరుతో లాగిన్ అయి పెట్టుకోవచ్చు, లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అందరూ ఎల్టీపీ అంటారు, ఆయన చేత పెట్టించవచ్చు, లేదా ఆఫీసు ముందు జిరాక్స్ షాపు పక్కన దొరికే మధ్యవర్తి. మూడో ఆయన దగ్గర డ్రాయింగ్ కూడా తయారుగా ఉంటుంది, మీ ప్లాటు కొలతలు మాత్రం మారుస్తాడు. అతను ఏం రాశాడో మీకు తెలియదు, ఓటీపీ చెప్పేశారు, అయిపోయింది. అందులో ప్లాటుకు ముందు 30 అడుగుల రోడ్డు ఉందని రాస్తే, అక్కడ నిజంగా 22 అడుగులే ఉంటే, అబద్ధం చెప్పింది అతను కాదు మీరు. ఎంత తక్కువ తీసుకున్నా ఇది చవక కాదు.

75 గజాల రిజిస్ట్రేషన్‌కు సొంతంగా చేసుకోవడం చాలు. మిగతా వాటికి ఎల్టీపీ. కానీ ఎల్టీపీల్లోనూ ప్లాటు దగ్గరికి వచ్చి టేపు పెట్టేవాళ్లు కొందరు, ఆఫీసులో కూర్చుని డాక్యుమెంటు చూసి గీసేవాళ్లు కొందరు. మన పట్టణాల్లో డాక్యుమెంటులో 30×80 అని ఉన్నా నేల మీద ఒక పక్క 29, ఇంకో పక్క 28న్నర ఉండడం కొత్తేమీ కాదు, వీధిలో మొదటి ఇంటాయన అర అడుగు జరిగితే చివరి ఇంటికి వచ్చేసరికి అది రెండడుగులవుతుంది. డాక్యుమెంటు కొలతతో ప్లాన్ వేసి నేల కొలతతో ఇల్లు కడితే సెట్‌బ్యాక్‌లో తేడా మొదటి రోజే పడిపోయింది. అందుకే వచ్చి కొలిచే మనిషికి కాస్త ఎక్కువ ఇచ్చినా ఆయన్నే పెట్టుకోండి. ఫీజు మాట్లాడేటప్పుడు ఇన్‌స్టంట్ అప్రూవల్ వచ్చాక 21 రోజుల్లో జరిగే పరిశీలనకు కూడా వస్తారా అని అడగండి. రానంటే ఇంకొకరిని చూసుకోవచ్చు.

ఆ 21 రోజుల సంగతి చాలామందికి తెలియదు. కాగితం వచ్చిన రోజు నుంచి ఆ గడువులో అధికారులు వచ్చి మీరు చెప్పినవి సరిచూస్తారు, తేడా ఉంటే పర్మిషన్ రద్దు చేయవచ్చు. మూడో దారిలో వెళ్లేవాళ్లకు ఈ పరిశీలన ముందు జరుగుతుంది, ఇన్‌స్టంట్ వాళ్లకు తర్వాత. అంతే తేడా. అందుకని ఇన్‌స్టంట్ కాగితం వచ్చిన మర్నాడే జేసీబీ పిలవడం నాకు నచ్చదు. ముహూర్తం ఉంటే కొబ్బరికాయ కొట్టి ముగ్గు పోసుకోండి, పునాది తవ్వడం ఆ గడువు దాటాక పెట్టుకుంటే పోయేదేమీ లేదు. అన్నదమ్ములు కలిసి 300, 330 గజాల పక్కపక్క ప్లాట్లలో ఒకే పెద్ద ఇల్లు అనుకుంటే 600 దాటి మూడో దారిలో పడతారు. విడివిడిగా రెండిళ్లయితే ఇద్దరికీ ఇన్‌స్టంట్, కాకపోతే మధ్యలో ఇద్దరూ సెట్‌బ్యాక్ వదలాలి, గోడ కలపడం కుదరదు. కలిసుండాలన్న ముచ్చట గట్టిదైతే 21 రోజులు ఆగడం ఏమంత కష్టం.

పంచాయతీ కాగితం ఉందిగా అంటే

2018లో చాలా గ్రామాలు ఒక్కసారిగా మున్సిపాలిటీల్లో కలిశాయి. అప్పటి పంచాయతీ కార్యదర్శి సంతకంతో ఉన్న పర్మిషన్ చూపించి ఇప్పుడు కట్టొచ్చా అని అడుగుతుంటారు. ఆ కాగితంతో అప్పుడే కట్టేసిన ఇంటికి అది ఆధారం. ఇప్పుడు కొత్తగా కట్టడానికి మున్సిపాలిటీ పర్మిషనే కావాలి. విలీనం తర్వాత పాత తేదీతో పుట్టిన పంచాయతీ కాగితాల గురించి నేను చెప్పేది ఏమీ లేదు, బ్యాంకు లాయర్లు వాటిని వాసన పట్టడంలో ఆరితేరిపోయారు.

ఏ పర్మిషనూ లేకుండా కట్టేసి తర్వాత చూసుకుందాం అనేది ఇదివరకు ఓ దారిగా చెలామణీ అయింది. 2024 డిసెంబర్ 17న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అది ఇంకా ఇరుకైంది, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ సరిచూసుకున్నాకే భవనం మీద అప్పివ్వాలని ఆదేశించింది. ఇల్లు కట్టి అమ్ముకోలేకపోవడం, తాకట్టు పెట్టుకోలేకపోవడం, ఇవి కట్టేటప్పుడు గుర్తుకు రావు.

సంతకం పెట్టే ముందు

సెల్ఫ్ సర్టిఫికేషన్‌లో ఏం ఒప్పుకుంటున్నారో ప్లాటు దగ్గర నిలబడి చూసుకోండి. దగ్గర్లో చెరువుంటే అది 10 హెక్టార్లు లేదా అంతకు మించినదైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు దూరం ఉండాలి, ఆ దూరం కొలిచేది వేసవిలో నీళ్లున్న చోటు నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే చోటు నుంచి. వాగుకో కాలువకో 10 మీటర్ల కంటే ఎక్కువ వెడల్పుంటే 9 మీటర్లు, అంతకు లోపుంటే 2 మీటర్లు. పైన కరెంటు తీగ పోతుంటే ఎల్‌టీ (లో టెన్షన్) లైనుకు మీటరున్నర, హెచ్‌టీ (హై టెన్షన్)కి 3 మీటర్ల ఎడం. ముందు రోడ్డు 30 అడుగులు లేకపోతే దాని మధ్య గీత నుంచి 15 అడుగులు వచ్చేలా మీ వైపు వదిలి, అక్కడి నుంచి సెట్‌బ్యాక్ లెక్క. మాస్టర్ ప్లాన్‌లో మీ ప్లాటు రెసిడెన్షియల్ జోన్‌లోనే ఉందా, ఏదైనా రోడ్డు విస్తరణ అందులోంచి పోతోందా అన్నది కూడా. పోతుంటే ప్లాన్‌లో ఆ ముక్క తీసేసి చూపించాలి.

కాగితాల్లో రిజిస్టర్డ్ డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల జాబితాలో (22ఏ జాబితా అంటారు) ఉందేమో చూడటం అన్నిటికంటే ముందు చేయాలి, ఎందుకంటే అది ఉంటే మిగతా పనంతా దండగ. వ్యవసాయ భూమిగా ఉన్నదానికి నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయిందా అన్నది ఆ వెంటనే.

ఆంధ్ర వైపు ఉన్నవాళ్లకు పై కొలతలు వర్తించవు, అక్కడ 2017 నాటి జీవో 119 బిల్డింగ్ రూల్స్ వేరే ఉన్నాయి, ఆన్‌లైన్ వ్యవస్థా వేరే. ఎత్తుకూ సెట్‌బ్యాక్‌కూ కలిపి లెక్క వేసుకోవడం, నేల మీద కొలిపించడం మాత్రం అక్కడా చేయాల్సినవే.

పర్మిషన్ వచ్చాక మంజూరైన ప్లాన్‌ను పెద్ద సైజులో ప్రింటు తీయించి ఒక కాపీ సైటులో మేస్త్రీకి ఇవ్వండి. సెంటర్ లైను మార్కింగ్ రోజు ఆ ప్లాన్ పట్టుకుని ఎల్టీపీ పక్కన ఉండాలి, తాడు కట్టి సున్నం పోసే గంటలోనే నాలుగు వైపులా సెట్‌బ్యాక్ టేపుతో చూపించమనండి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత మార్చాలంటే కాలమ్ పడగొట్టాలి.